పక్కన కొత్త ఎస్టేట్ వస్తోందా? కౌన్సిల్‌కీ బిల్డర్‌కీ మధ్య జరిగే బేరాన్ని కనిపెట్టుకోవడం ఎలా

బ్రోషర్‌లో ప్రైమరీ స్కూలు ఉంటుంది, జీపీ సర్జరీ ఉంటుంది, పిల్లలు ఆడుకునే పార్కు కూడా ఉంటుంది. ఇంట్లో దిగి మూడేళ్లయినా స్కూలు స్థలం చుట్టూ కంచె అలాగే ఉంటే వాట్సాప్ గ్రూపులో సగం మంది బిల్డర్‌ని తిడతారు, మిగతా సగం కౌన్సిల్‌ని తిడతారు. ఎవరు ఏం ఇస్తామని సంతకం పెట్టారో చూసినవాళ్లు మాత్రం ఆ గ్రూపులో దొరకడం కష్టం. నిజానికి సెక్షన్ 106 ఒప్పందం అనే ఆ కాగితం రహస్యమేమీ కాదు. అదెక్కడ ఉంటుందో, ఎప్పుడు అడగాలో, అందులో ఏ వాక్యం దగ్గర ఆగాలో తెలిస్తే చాలు.

ఇది ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ల కోసం. వేల్స్‌లో కూడా మూలచట్టం ఇదే, అమలు నియమాలు కొన్ని వేరు. స్కాట్లండ్‌లో దీని బదులు సెక్షన్ 75 ఉంటుంది.

అసలు సంగతి ఇదీ. మన ఊళ్లో లేఅవుట్ వేస్తే పార్కుకు ఎంత వదలాలో, ఎంత భాగం తాకట్టు పెట్టాలో జీవోల్లోనే ఉంటుంది. అమలు ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే, లెక్క మాత్రం ముందే ఖాయం. ఇక్కడ కౌన్సిల్ రాసుకున్న లోకల్ ప్లాన్‌లో అఫర్డబుల్ ఇళ్లు (మార్కెట్ కంటే తక్కువ ధరకో అద్దెకో ఇచ్చేవి) 35 శాతం అని రాసి ఉన్నా, డెవలపర్ వచ్చి 'నాకు గిట్టదు, 12 శాతమే ఇస్తాను' అనొచ్చు. ఆ తర్వాత నెలల తరబడి ఆఫీసర్లకీ డెవలపర్ కన్సల్టెంట్లకీ మధ్య బేరం నడుస్తుంది. చివరికి తేలిన మాటను 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం సెక్షన్ 106 కింద ఒప్పందంగా రాసుకుంటారు. స్కూలుకు డబ్బు, రోడ్డు జంక్షన్, పార్కు, సర్జరీకి సాయం, తక్కువ అద్దె ఇళ్లు, అన్నీ అందులోనే.

సీఐఎల్ అని ఇంకో డబ్బుంది, కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ. దీన్ని సెక్షన్ 106తో కలిపేసుకోవద్దు. చదరపు మీటరుకు ఇంత అని కౌన్సిల్ ముందే ప్రకటించిన రేటు అది, దాని మీద బేరం ఉండదు, అన్ని కౌన్సిళ్లూ వసూలు చేయవు. వసూలు చేసేచోట అందులో 15 శాతం, ఒక పరిమితికి లోబడి, పారిష్ కౌన్సిల్‌కి వెళ్తుంది. స్థానికులే తయారుచేసుకున్న నైబర్‌హుడ్ ప్లాన్ అమల్లో ఉంటే 25 శాతం. బేరం లేదు కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. 2020 జనవరిలో లండన్ వెస్ట్‌ఫెర్రీ ప్రింట్‌వర్క్స్ ప్రాజెక్టుకు అప్పటి హౌసింగ్ మంత్రి అనుమతి ఇచ్చిన తేదీ చూడండి: అక్కడి టవర్ హామ్లెట్స్ కౌన్సిల్ కొత్త సీఐఎల్ రేటుకు ఆమోదం తెలపడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు. డెవలపర్‌కి అలా మిగిలేది 4 కోట్ల పౌండ్ల దాకా ఉంటుందని అంచనా. కౌన్సిల్ కోర్టుకెక్కాక ఆ నిర్ణయం చట్టవిరుద్ధమని మంత్రే ఒప్పుకోవాల్సి వచ్చింది, అనుమతి రద్దయింది.

'మనం వీసా మీద ఉన్నవాళ్లం, మనకెందుకు' అనే మాట తరచూ వినిపిస్తుంది. ప్లానింగ్ దరఖాస్తు మీద అభ్యంతరం రాయడానికి పౌరసత్వంతో పనిలేదు. పైగా భారతీయులు కామన్‌వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లే వీసాతో ఇక్కడ నివసిస్తున్న పెద్దవాళ్లెవరైనా స్థానిక ఎన్నికల్లో ఓటు నమోదు చేసుకోవచ్చు. వార్డు కౌన్సిలర్‌కి ఈమెయిల్ రాసేటప్పుడు మీరు ఆ వార్డు ఓటరని ఒక్క వాక్యం చేర్చండి. జవాబు వచ్చే వేగంలో తేడా కనిపిస్తుంది.

మొదట ఫైలు పట్టుకోండి

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ప్లానింగ్ రిజిస్టర్ ఉంటుంది. పోస్ట్‌కోడ్‌తో గానీ సైటు పేరుతో గానీ వెతకండి. పెద్ద ఎస్టేట్లకు సాధారణంగా మొదట ఔట్‌లైన్ దరఖాస్తు వస్తుంది, తర్వాత రిజర్వ్‌డ్ మ్యాటర్స్ అంటూ ఒక్కో దశకు ఒక్కో దరఖాస్తు వస్తుంది. గోడల రంగు, కిటికీల ఆకారం లాంటివి తర్వాతి దశల్లో తేలుతాయి. స్కూలు డబ్బు, అఫర్డబుల్ శాతం మాత్రం ఔట్‌లైన్ దశలోనే ముగుస్తాయి. షో హోమ్ తెరిచేనాటికి బేరం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కాబట్టి ఔట్‌లైన్ దరఖాస్తు నంబర్ పట్టుకుని దాన్ని దాచుకోండి, మీ ప్రతి ఉత్తరంలోనూ అదే వాడాలి. చాలా కౌన్సిళ్ల సైట్లలో ఆ నంబర్‌కి అలర్ట్ పెట్టుకోవచ్చు, కొత్త పత్రం రాగానే మెయిల్ వస్తుంది.

ఇల్లు ఇప్పటికే కొన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. సెక్షన్ 106 ఒప్పందం లోకల్ ల్యాండ్ చార్జ్‌గా నమోదవుతుంది, అంటే కొనేటప్పుడు మీ సొలిసిటర్ చేసిన సెర్చ్‌లో అది బయటపడి ఉండాలి. మనమెవరం తెరిచి చూడని ఆ లావుపాటి పీడీఎఫ్‌లో వెతకండి.

ఎప్పుడు మాట్లాడాలి

సంప్రదింపుల గడువు మామూలుగా 21 రోజులు. గడువు దాటాక వచ్చిన ఉత్తరాలను కూడా నిర్ణయం జరిగేదాకా చాలా కౌన్సిళ్లు చదువుతాయి, అయినా దాని మీద ఆధారపడొద్దు. అసలు బేరమైతే ఇంకా ముందే, దరఖాస్తు పెట్టకముందు జరిగే ప్రీ-ఆప్ సమావేశాల్లోనే మొదలవుతుంది. చర్చి హాల్లో బోర్డులు పెట్టి, బిస్కెట్లు ఇచ్చి డెవలపర్ ఎగ్జిబిషన్ పెడితే తప్పకుండా వెళ్లండి. అక్కడ భవనాల బొమ్మల గురించి కాదు, 'లోకల్ ప్లాన్ చెప్పిన అఫర్డబుల్ శాతం పూర్తిగా ఇస్తున్నారా, లేక వయబిలిటీ, అంటే గిట్టుబాటు, పేరుతో తగ్గించమని అడగబోతున్నారా' అని అడగండి. ఎవరు ఏం జవాబిచ్చారో తేదీతో సహా రాసిపెట్టుకోండి.

వయబిలిటీ రిపోర్టు: సమయమంతా ఇక్కడే పెట్టండి

డెవలపర్ 'గిట్టదు' అని చెప్పే పత్రం ఇది. వంద పేజీలు చూసి జంకొద్దు, లెక్క ఒకటే. ఇళ్లన్నీ అమ్మితే వచ్చే మొత్తం డబ్బు, అంటే జీడీవీ. అందులోంచి కట్టుబడి ఖర్చు, ఫీజులు, బ్యాంకు వడ్డీ, డెవలపర్ లాభం తీసేయాలి. మిగిలింది భూమి విలువ. అది ఒక కనీస విలువకంటే తక్కువైతే 'స్కూలుకూ అఫర్డబుల్ ఇళ్లకూ ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు' అంటారు. ఆ కనీస విలువ పేరు బెంచ్‌మార్క్ ల్యాండ్ వాల్యూ. ఈ అంకెల్లో దేన్ని కాస్త కదిపినా ఫలితం తలకిందులవుతుంది. అందుకే మూడు చోట్ల చూడండి.

అమ్మకపు ధర. రెండేళ్ల కిందటి ధరలతో లెక్క కట్టి ఉండొచ్చు, లేదా పక్కనున్న పాత ఇళ్ల ధరలతో కట్టి ఉండొచ్చు. ల్యాండ్ రిజిస్ట్రీ ప్రైస్ పెయిడ్ డేటా ఉచితం. మీ పోస్ట్‌కోడ్‌లో కొత్త ఇళ్లు ఎంతకు అమ్ముడయ్యాయో తీసి, ఫ్లాట్లు, టెర్రస్, డిటాచ్డ్ అని వేరుచేసి పక్కన పెట్టండి. ఉదాహరణకి 200 ఇళ్లు, ఒక్కోటి 4 లక్షల పౌండ్లు అనుకుంటే మొత్తం 8 కోట్లు. ధరను 5 శాతం తక్కువ చూపిస్తే 40 లక్షల పౌండ్లు కాగితం మీద మాయమవుతాయి. ఈ ఒక్క పనికి మన ఐటీ వాళ్లంత సరైనవాళ్లు ఇంకొకరు దొరకరు. శనివారం మధ్యాహ్నం ఎక్సెల్ తెరిస్తే సాయంత్రానికి తేలిపోతుంది.

లాభం. మొత్తం అమ్మకపు విలువలో 15 నుంచి 20 శాతం సరైన లాభమని ప్రభుత్వ మార్గదర్శకం చెబుతోంది. దాదాపు ప్రతి రిపోర్టూ 20 పట్టుకుని కూర్చుంటుంది. పై ఉదాహరణలో 20 బదులు 17.5 తీసుకుంటే 20 లక్షల పౌండ్లు బయటికొస్తాయి. ఇంకోటి, అఫర్డబుల్ ఇళ్లను హౌసింగ్ అసోసియేషన్ ముందే కొంటుంది కాబట్టి వాటి మీద రిస్కు తక్కువ, ఆ భాగానికి లాభశాతం కూడా తక్కువ ఉండాలి. అన్నిటికీ ఒకే శాతం వేశారా అని చూడండి.

భూమి ధర. 'ఈ స్థలానికి మేం ఇంత పెట్టాం' అనే మాట నమ్మకండి. ఎంతకు కొన్నారన్నది లెక్కలోకి రాదు. ఇప్పుడున్న వాడకంలో ఆ భూమి విలువెంత, దాని మీద యజమాని అమ్మడానికి ఒప్పుకునే న్యాయమైన అదనం ఎంత అన్నదే కొలత. లండన్ ఇస్లింగ్టన్‌లోని పార్క్‌హర్స్ట్ రోడ్డు కేసు దీనికి మంచి ఉదాహరణ. అక్కడి పాత టెరిటోరియల్ ఆర్మీ స్థలాన్ని డెవలపర్ 2013లో కోటీ 32 లక్షల పౌండ్లకు పైగా పెట్టి కొన్నాడు. అంత పెట్టాం కాబట్టి అఫర్డబుల్ ఇళ్లు అసలు ఇవ్వలేమని మొదలుపెట్టి, తర్వాత 10 శాతానికి వచ్చాడు. కౌన్సిల్ 34 శాతం దగ్గర నిలబడింది. ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ కౌన్సిల్ మాటే ఒప్పుకున్నాడు, 2018లో హైకోర్టు కూడా ఆ నిర్ణయాన్ని కదపలేదు. విధానాన్ని పట్టించుకోకుండా ఎక్కువ పెట్టి కొని, ఆ భారాన్ని ఊరి మీద వేస్తామంటే కుదరదన్నమాట. మీ ఉత్తరంలో ఈ కేసు పేరు ఒక్క వాక్యంలో రాయండి, ఆఫీసర్లకు వెంటనే అర్థమవుతుంది.

డెవలపర్ రిపోర్టును పరిశీలించడానికి కౌన్సిల్ వేరే కన్సల్టెంట్‌ని పెట్టుకుంటుంది. ఆ ఖర్చు మామూలుగా డెవలపరే భరిస్తాడు. ఆ రెండో రిపోర్టు ఇంకా విలువైనది, ఎందుకంటే ఏ అంకె మీద గొడవ పడ్డారో, చివరికి ఎక్కడ రాజీపడ్డారో అందులో ఉంటుంది. రెండూ కావాలని అడగండి.

'కమర్షియల్ కాన్ఫిడెన్షియల్' అంటే

ఒకప్పుడు ఈ మాటతో తలుపు మూసేసేవారు. దక్షిణ లండన్‌లో హేగేట్ ఎస్టేట్ కథ ఈ విషయం తెలిసినవాళ్లందరికీ గుర్తే. వెయ్యికి పైగా ఇళ్లున్న కౌన్సిల్ ఎస్టేట్‌ని కూలగొట్టారు. సదర్క్ కౌన్సిల్ విధానం 35 శాతం అఫర్డబుల్ అంటే, డెవలపర్ లెండ్‌లీజ్‌తో కుదిరింది 25 శాతం. కొత్తగా కట్టే సుమారు 2,500 ఇళ్లలో సోషల్ రెంట్ ఇళ్లు, అంటే బాగా తక్కువ అద్దెవి, వందలోపే. ఆ లెక్కలు చూపించమని స్థానికులు పట్టుబట్టారు, కౌన్సిల్ ససేమిరా అంది. 2014లో ట్రిబ్యునల్ చాలా భాగం బయటపెట్టమంది. అలాంటి పోరాటాల తర్వాత 2018లో జాతీయ ప్లానింగ్ విధానమే మారింది: వయబిలిటీ రిపోర్టులు ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప ప్రజలకు అందుబాటులో ఉండాలి. 2020లో హోల్‌బోర్న్ స్టూడియోస్ కేసులో, వయబిలిటీ వివరాలను సరిగా బయటపెట్టలేదన్న కారణం కూడా చూపి, హాక్నీ కౌన్సిల్ ఇచ్చిన అనుమతిని హైకోర్టు కొట్టేసింది.

కాబట్టి వెబ్‌సైట్‌లో రిపోర్టు లేకపోతే మొదట కేస్ ఆఫీసర్‌కి మామూలు మెయిల్ రాయండి. వారంలో రాకపోతే ఎన్విరాన్‌మెంటల్ ఇన్ఫర్మేషన్ రెగ్యులేషన్స్ 2004 కింద అడగండి. ఆర్టీఐ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. చాలామంది ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ పేరుతో రాస్తారు, ప్లానింగ్ విషయాల్లో ఈ రెగ్యులేషన్సే ఎక్కువ పదును: బయటపెట్టడమే మొదటి నియమం, దాచాలంటే ప్రజాప్రయోజనం తూచి చూపించాల్సింది కౌన్సిలే. జవాబుకు 20 పనిదినాలు. కాదంటే ఇంటర్నల్ రివ్యూ అడగాలి, దానికి 40 పనిదినాలు. అదీ కాదంటే ఇన్ఫర్మేషన్ కమిషనర్. ఇంత సమయం పడుతుంది కాబట్టే మొదటి వారంలోనే పంపమంటున్నాను.

అడిగేది పొడిపొడిగా, నిర్దిష్టంగా ఉండాలి: ఫలానా నంబర్ దరఖాస్తుకు డెవలపర్ వయబిలిటీ రిపోర్టు, దాని ఎక్సెల్ మోడల్, కౌన్సిల్ కన్సల్టెంట్ సమీక్ష, ప్రీ-ఆప్ సలహా లేఖలు, స్కూళ్లూ జీపీల గురించి వచ్చిన సంప్రదింపు జవాబులు. 'ఈ ప్రాజెక్టు గురించిన సమాచారమంతా' అని అడిగితే మరీ విస్తృతంగా ఉందని తిప్పి పంపుతారు.

ఉత్తరం, కమిటీ

'ట్రాఫిక్ పెరుగుతుంది, మా ఇళ్ల ధరలు పడిపోతాయి' అని రెండువందల మంది ఒకే ఉత్తరం పంపినా బరువు రాదు. ఇళ్ల ధరలైతే ప్లానింగ్‌లో అసలు పరిగణనలోకే రావు. మీ ఉత్తరంలో ఉండాల్సింది విధానం నంబర్, అది అడిగిన శాతం, డెవలపర్ ఇస్తున్న శాతం, తేడాకు చెప్పిన కారణంలో మీకు దొరికిన లోపం. అలాగే సెక్షన్ 106 కింద ఏది అడగొచ్చో కూడా హద్దు ఉంది. సీఐఎల్ నియమాల్లో 122వది మూడు పరీక్షలు పెడుతుంది: ఆ డబ్బు లేకపోతే ఈ నిర్మాణానికి అనుమతి ఇవ్వడం కుదరదనే స్థితి ఉండాలి, నిర్మాణంతో నేరుగా సంబంధం ఉండాలి, పరిమాణంలో న్యాయంగా ఉండాలి. ఊరవతల కమ్యూనిటీ హాల్‌కి కొత్త పైకప్పు ఈ పరీక్షల్లో నిలవదు. కొత్త పిల్లలకు సీట్లు చాలని స్కూలు నిలుస్తుంది.

కౌంటీ, డిస్ట్రిక్ట్ అని రెండంచెలున్న చోట ఒక చిక్కుంది. అనుమతి ఇచ్చేది డిస్ట్రిక్ట్, స్కూళ్లూ రోడ్లూ చూసేది కౌంటీ. కౌంటీ విద్యాశాఖ ఎంత అడిగిందో, డిస్ట్రిక్ట్ చివరికి ఎంత రాబట్టిందో పక్కపక్కన పెట్టి చూడండి.

కమిటీ అజెండా, ఆఫీసర్ రిపోర్టు సమావేశానికి కనీసం ఐదు పూర్తి పనిదినాల ముందు బయటికి రావాలి. రిపోర్టులో 'హెడ్స్ ఆఫ్ టర్మ్స్' అనే భాగానికి నేరుగా వెళ్లండి. బేరంలో తేలింది ఒకటిన్నర పేజీలో అక్కడ ఉంటుంది. మాట్లాడాలంటే ముందే పేరు ఇవ్వాలి, చాలాచోట్ల మూడు నిమిషాలే. బహిరంగ సమావేశాన్ని రికార్డు చేసుకునే హక్కు 2014 నుంచి ఉంది. మూడు నిమిషాల్లో ఆరు విషయాలు చెప్పబోయి ఏదీ చెప్పకుండా దిగిపోతారు చాలామంది. ఒక్క అంకె పట్టుకుని, దాని మీద కౌన్సిలర్లు ఆఫీసర్‌ని అడగాల్సిన ప్రశ్నను వాళ్ల నోటికి అందించి కూర్చోండి.

కమిటీ అయిపోయింది, సంతకాలు కాలేదు

అందరూ ఇంటికి వెళ్లిపోయే సమయం ఇదే, జాగ్రత్త కావాల్సిందీ ఇప్పుడే. 'సెక్షన్ 106 ఒప్పందానికి లోబడి అనుమతి' అని కమిటీ తీర్మానిస్తుంది. అసలు ఒప్పందాన్ని ఆ తర్వాత లాయర్లు నెలల తరబడి రాస్తారు. ప్రతిపాదిత ఒప్పందం కూడా ప్లానింగ్ రిజిస్టర్‌లో ఉండాలన్నది నియమం. పెట్టకపోతే ఆ నియమం గుర్తుచేస్తూ అడగండి.

డ్రాఫ్ట్‌లో చూడాల్సింది మొదట ట్రిగ్గర్, అంటే డెవలపర్ ఎప్పటికల్లా ఇచ్చి తీరాలన్న మాట. '50వ ఇంట్లో మనుషులు చేరేలోపు' అంటే పని జరుగుతుంది. '90 శాతం ఇళ్లు నిండాక' అని ఉంటే, ఆ చివరి పది శాతం ఎన్నేళ్లకు నిండుతుందో ఎవరూ చెప్పలేరు. తర్వాత ఇండెక్సేషన్: ధరలు పెరిగితే ఇచ్చే డబ్బూ పెరుగుతుందా, ఏ తేదీ నుంచి? ఆపైన గడువు: ఐదేళ్లలోనో పదేళ్లలోనో ఖర్చు పెట్టకపోతే డబ్బు డెవలపర్‌కి తిరిగి ఇవ్వాలన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. తగ్గింపు ఒప్పుకున్న చోట రివ్యూ క్లాజ్ తప్పనిసరిగా వెతకండి. ఇళ్లు అనుకున్నదానికంటే ఎక్కువకు అమ్ముడైతే తేడాలో వాటా రావాలి కదా.

ఇక పార్కులూ పచ్చికబయళ్లూ. కౌన్సిల్‌కి అప్పగిస్తారా, మేనేజ్‌మెంట్ కంపెనీకా? ఈ ఒక్క పదం మీద మీరు ఏటా కట్టే ఎస్టేట్ చార్జి ఆధారపడి ఉంటుంది. పోటీ వ్యవహారాలు చూసే సీఎంఏ 2024 ఫిబ్రవరి నివేదిక ప్రకారం 2021-22లో 11 పెద్ద బిల్డర్లు అమ్మిన కొత్త ఇళ్లలో 80 శాతానికి ఈ చార్జీలు ఉన్నాయి. ఊరందరూ ఆడుకునే పార్కుకు మీ ఎస్టేట్ వాళ్లు మాత్రమే గడ్డి కోయించడం ఇక్కడే మొదలవుతుంది.

సంతకాలయ్యాక డెసిషన్ నోటీసు వస్తుంది. దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే ఆ తేదీ నుంచి ఆరు వారాల్లోనే జుడీషియల్ రివ్యూకి వెళ్లాలి. పక్కవాళ్లకు మామూలు అప్పీలు హక్కు లేదు. ఖర్చూ రిస్కూ పెద్దవి కాబట్టి ముందుగా సొలిసిటర్‌ని కలవండి, వాట్సాప్ సలహాలతో దిగొద్దు.

డబ్బు వచ్చిందా, ఖర్చయిందా

సెక్షన్ 106 లేదా సీఐఎల్ డబ్బు తీసుకునే ప్రతి కౌన్సిల్, కౌంటీతో సహా, ఏటా డిసెంబర్ 31లోపు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండింగ్ స్టేట్‌మెంట్ ప్రచురించాలి. ఎంత ఒప్పుకున్నారు, ఎంత చేతికొచ్చింది, ఎంత వాడారు, ఎంత మూలుగుతోంది అన్నీ అందులో ఉంటాయి. మీ ఎస్టేట్ పేరు వెతికి, ఒప్పందంలోని ప్రతి ట్రిగ్గర్ పక్కన రాసుకోండి. అందులో స్పష్టంగా లేకపోతే సెక్షన్ 106 మానిటరింగ్ ఆఫీసర్‌కి ప్రశ్న పంపండి: ఇప్పటికి ఎన్ని ఇళ్లు నిండాయి, ఏయే ట్రిగ్గర్లు దాటాయి, డిమాండ్ నోటీసు పంపారా? చాలా కౌన్సిళ్లు ఇళ్ల లెక్క కోసం డెవలపర్ మాట మీదే ఆధారపడతాయి. ఏ ఇంట్లో దీపం వెలుగుతోందో మీ వీధిలో వాళ్లకే బాగా తెలుసు.

ఒప్పందాన్ని తర్వాత సడలించే ప్రయత్నాలు కూడా చూస్తుండండి. ఐదేళ్లు దాటితే మార్చమని దరఖాస్తు పెట్టొచ్చు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే డీడ్ ఆఫ్ వేరియేషన్‌తో ఎప్పుడైనా మార్చేయొచ్చు, దానికి మీ ఇంటికి నోటీసు రాదు. కాబట్టి ఆరునెలలకోసారి 'ఈ ఒప్పందానికి ఏమైనా వేరియేషన్ జరిగిందా, చర్చలో ఉందా' అని ఒక మెయిల్ పంపడం అలవాటు చేసుకోండి.

మాట తప్పితే కౌన్సిల్ చేతిలో ఆయుధాలున్నాయి. కోర్టు నుంచి ఇంజంక్షన్ తేవచ్చు, 21 రోజుల నోటీసు ఇచ్చి తానే స్థలంలోకి వెళ్లి పని చేయించి ఖర్చు రాబట్టుకోవచ్చు. కౌన్సిల్ కదలకపోతే మొదట దాని ఫిర్యాదు పద్ధతి పూర్తి చేసి, సంగతి తెలిసిన 12 నెలల్లోపు లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్‌కి రాయండి. అంబుడ్స్‌మన్ అనుమతిని రద్దు చేయలేరు, కానీ వసూలులో కౌన్సిల్ నిర్లక్ష్యం చేసిందా లేదా తేల్చగలరు. స్టేట్‌మెంట్ డిసెంబర్ ఆఖరుకి వస్తుంది, కౌన్సిళ్లు మార్చి 11లోపు బడ్జెట్ ఖాయం చేసుకోవాలి. పబ్లిక్ క్వశ్చన్ టైమ్ ఉన్న కౌన్సిల్ అయితే మీ ప్రశ్నను జనవరి సమావేశానికే, వాళ్లు చెప్పిన గడువులోపు రాతపూర్వకంగా పంపండి. జవాబు మినిట్స్‌లో నమోదవుతుంది.